వాలు గీత పరీక్ష

లేపాక్షి గుడిలో మంటపం పైకప్పు మీది బొమ్మల్ని చూసి గీయాలంటే మెడ వెనక్కి వాల్చి నిలబడాల్సిందే. ఆ చీరల అంచుల్నీ, పక్కకు తిరిగిన ముఖాల్లోని సోగ కళ్లనీ తీరిగ్గా దించుకుందామని పోయిన చలికాలం వెళ్లాను. ఎడమ ముంజేతి మీద ల్యాప్‌టాప్, కుడిచేతిలో పెన్ను. మూత పూర్తిగా వెనక్కి మడిస్తే పలకైపోయే రకం అది. బరువు కిలోన్నర. ‘కిలోన్నరేగా’ అనుకున్నాను కొనేటప్పుడు. రెండో చీర అంచు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణకడం మొదలెట్టింది. మూడో చీర జోలికి పోలేదు.

ప్రయాణాల్లో బొమ్మలేసుకోవడానికి ఏ ల్యాప్‌టాప్ కొనమంటారని కుర్రాళ్లు అడుగుతుంటారు. ప్రాసెసర్ పేరేదో చెబుతాననుకుంటారు. నేను పెన్నుతో మొదలెడతాను. మొదటిసారి నేను బోల్తా పడింది అక్కడే మరి.

అప్పట్లో ప్రకటనలో 4096 అన్న అంకె చూసి మురిసిపోయాను. చేతి ఒత్తిడిలో అన్ని తేడాల్ని ఆ పెన్ను పసిగడుతుందట. ఇంటికి తెచ్చి నింపాదిగా ఒక వాలు గీత లాగితే పాము నడకలా వచ్చింది. స్కేలు పెట్టి గీసినా అంతే. లోపం నా చేతిలో లేదని అప్పుడు తేలింది. తెరలో కంటికి కనబడని తీగల వల ఉంటుంది. పెన్ను మొన ఎక్కడుందో ఆ తీగలకు అందే సంకేతాన్ని బట్టి మెషీన్ లెక్కగడుతుంది. మొన రెండు తీగల నడుమ ఉన్నప్పుడు ఆ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది. గబగబా గీస్తే తెలియదు. ముక్కు వంపో, పెదవి చివరో నెమ్మదిగా లాగినప్పుడు బయటపడుతుంది. క్రిటాలాంటి బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌లో గీతను సాపు చేసే సదుపాయం ఉంది కానీ, దాన్ని బాగా పెంచితే గీత చేతి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది.

అందుకే రెండోసారి షాపుకి ఆరంగుళాల స్కేలు జేబులో పెట్టుకుని వెళ్లాను. “గేమింగ్‌కి కూడా బాగుంటుంది సార్” అంటున్నాడు సేల్స్ కుర్రాడు. నేను పెయింట్ తెరిచి, స్కేలు ఏటవాలుగా ఆనించి, ఒక్కో గీతకీ పది సెకన్లు తీసుకుని ఐదేసి గీతలు లాగాను. మూడు మెషీన్లలో రెండు అక్కడే తేలిపోయాయి. మిగిలినదాని మీద పెన్నుని అసలు నొక్కకుండా, దాని బరువుకే జారనిచ్చి చూశాను. సన్నగా గీత పడింది. అలా పడకపోతే వెంట్రుక పోగులు గీయలేం.

తర్వాత రంగు. చవక తెరల్లో ఎరుపు నీరసిస్తుంది. కుంకుమ ఇటుక రంగులోకి దిగుతుంది. అది చూసి మనం ఎరుపు పెంచుతాం. మంచి తెర ఉన్న ఎడిటర్ దగ్గర ఆ బొమ్మ మండిపోతుంది. వివరాల్లో తెర చూపగల రంగుల పరిధి ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని కనబడితే ఆ మెషీన్ని పక్కన పెట్టండి. ఎస్‌ఆర్‌జీబీ నూటికి నూరూ ఉందా అని అడగండి.

ర్యామ్ దగ్గర పీనాసితనం పనికిరాదు. 300 డీపీఐలో ఏ4 బొమ్మంటే 2480 × 3508 చుక్కలు. లేయర్ నిండా రంగుంటే ఒక్కోటీ దాదాపు 35 ఎంబీ. నలభై లేయర్లయితే 1.4 జీబీ. అన్‌డూ చేసి వెనక్కి వెళ్లడానికి దాచుకునే అడుగులు దీనికి అదనం. పల్చటి మెషీన్లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. 16 జీబీ మొదటే తీసుకోవాలి. ఛార్జింగ్ టైప్-సీ అయితే ఫోనుకీ దానికీ ఒకే ఛార్జర్ సరిపోతుంది; సంచిలో ఒక ఇటుక తగ్గినట్టే.

ఇన్ని చూసినవాణ్ణి బరువు దగ్గర పప్పులో కాలేశాను. షాపులో బల్ల మీద పెట్టి గీశానే తప్ప చేత్తో పట్టుకుని గీయలేదు. కీబోర్డు ఊడొచ్చే రకమైతే తెర ఒక్కటే 900 గ్రాముల లోపు దొరుకుతుంది. లేపాక్షిలో మూడో చీర కూడా వచ్చి ఉండేది. కానీ దాన్ని రైల్లో ఒళ్లో పెట్టుకుని టైపు చేయబోతే వెనక నిలబెట్టే కాలు మోకాలి మీంచి జారుతుంది. ఈ కాలమ్ సగం రైళ్లలోనే రాస్తాను కాబట్టి నాకు మడతపెట్టేదే గతి. బొమ్మలే పనిగా ఉన్నవాళ్లు మాత్రం కీబోర్డు ఊడేదే తీసుకోండి.

ఏదైనా సరే, స్కేలు మర్చిపోకండి. సేల్స్ కుర్రాడు నవ్వినా పర్వాలేదు, మెషీన్ని ముంజేతి మీద పెట్టుకుని పది నిమిషాలు నిలబడి గీయండి. గీత వంకరపోయినా, చెయ్యి వణికినా ఎంత తగ్గింపు ఇచ్చినా కొనకండి.