నది దాటని చార్మినార్

ఎనిమిదో తరగతిలో ఒక చార్మినార్‌ని మారకం వేసేశాను. ఎమ్మిగనూరు నుంచి బస్సులో ఆదోని బడికొచ్చే నేస్తుడి దగ్గర గడ్డం రాజు బొమ్మతో బవేరియా స్టాంపు ఉండేది. దానికోసం మా జేజి పెట్టెలోని పాత కవరుని గిన్నెడు నీళ్ళలో నానబెట్టి, నిజాం కాలపు అణా బిళ్ళ ఊడదీసి ఇచ్చాను. మంచి బేరం అనుకున్నా.

స్టాంపుల కేటలాగు తిరగేసినప్పుడల్లా ఆ గిన్నె గుర్తొస్తుంది. రంగు, కాగితం, అంచు చిల్లుల లెక్క, ధర అన్నీ ఉంటాయి. ఆ బిళ్ళ ఎంత దూరం చెల్లేదన్నది మాత్రం ఒక్క ముక్కలో దాటేస్తారు. నాకైతే అసలు కథ అక్కడే ఉంది.

1800లో నిజాం ఆదోనిని కుంపిణీకి వదులుకున్నాడు. తుంగభద్రకి ఇవతల ఆదోని, ఎమ్మిగనూరు ఇంగ్లీషువాళ్ళవి. అవతల రాయచూరు, గద్వాల నిజాంవి. 1869 నుంచి నిజాం సొంత స్టాంపులు వేశాడు. అవి ఆయన ఎల్లల లోపలే చెల్లేవి. 1871లో మద్రాసు, బొంబాయి రైలు దారులు రాయచూరులో కలిశాయి. రైలు నది దాటింది, నిజాం బిళ్ళ దాటలేదు. అదే ఏడు జర్మనీ ఒక్క దేశమైంది. బవేరియా మాత్రం 1849లో మొదలెట్టిన సొంత స్టాంపుల్ని 1920 దాకా వదల్లేదు. మా బేరంలో చేతులు మారినవి రెండూ ఒకే జాతివని అప్పుడు తెలీదు.

ఇంకో తమాషా. నిజాం బిళ్ళల మీద పారశీ రాత పక్కన తెలుగక్షరాలూ ఉండేవి. ఇవతల విక్టోరియా రాణి బొమ్మ చుట్టూ ఇంగ్లీషే. అంటే, ఆదోని మనిషి చదవగలిగిన స్టాంపు ఆదోనిలో చెల్లదు, చెల్లేదాన్ని చదవలేడు. భాష గురించీ అధికారం గురించీ ఇంత పొట్టి వ్యాసం నేనింకోటి చదవలేదు.

అట్లాగని కేటలాగుల్ని తీసిపారెయ్యను. 1931 నాటి బొమ్మల వరసలో చార్మినార్‌తో పాటు అజంతా, బీదర్, దౌలతాబాద్ ఉన్నాయని నేర్పింది అవే. వాటితో నా తగువల్లా ఒక్కటే: స్టాంపుని కవరు నుంచి విడదీసి చూడడం. నేను చేసిందీ అదే.

ఆ కవరు గద్వాల నుంచి రాయచూరులో ఉండే జేజి వాళ్ళన్నకి వెళ్ళింది, మా నాయన పుట్టాడన్న కబురుతో. ఆయనే తర్వాత తెచ్చి జేజికిచ్చాడు. ఉత్తరంలో తిథీ వారం ఉన్నాయి, ఏడాది లేదు. తపాలా ముద్ర సగం కవరు మీద, సగం బిళ్ళ మీద పడింది. ఏడాది బిళ్ళతోపాటే పోయింది. బళ్ళో ఎవరో వేసిన జూలై ఒకటే ఇప్పటికీ మా నాయన పుట్టినరోజు.

"దేనికిచ్చినావురా దాన్ని?" అనడిగింది జేజి. బవేరియా రాజుని చూపించాను.

"ఎవరప్పా ఈయన?"

ఆయన ఇప్పటికీ నా ఆల్బంలోనే ఉన్నాడు. ఏ కవరు మీంచి ఊడొచ్చాడో, అక్కడ ఎవరింట్లో ఏ తేదీ పోయిందో.