ఇసుకపై చక్రము, తెరపై చిత్రము

ఇసుక దిబ్బలపై మోటారు సైకిళ్ళు తోలుటయు, దానిని చలనచిత్రముగా తీయుటయు ఒక సంఘ సంచికలో విమర్శకు తగిన విషయములేనా యని కొందరు పెద్దలు సందేహింపవచ్చును. హరికథను గూర్చియో, పద్యనాటకమును గూర్చియో, మన పూర్వులు మైదానము విడిచి యీ కొండలెక్కి వచ్చిన కాలమును గూర్చియో వ్రాయదగిన పుటలలో ఈ దుమ్ము రేపు వాహనముల ప్రసక్తి యేల యని వారడుగవచ్చును. కాని మన యిండ్లలోని పిల్లలు నేడు హరికథకంటె ఎక్కువగా చూచునది, చూచి మురియునది, వీలు చిక్కినచో తామే తీయగోరునది ఇట్టి చిత్రమే. పిల్లలు చేపట్టిన కళను ఇంటి పెద్దలు విమర్శింపకున్నచో మరి విమర్శించువారు లేరు. పొగడువారు మాత్రము లెక్కకు మిక్కిలిగా నున్నారు.

విశాఖపట్టణమున చదువుకొనుచున్న మా మేనల్లుడు గత సంక్రాంతికి కాశీపూర్ వచ్చినప్పుడు తానును తన మిత్రులును కలిసి తీసిన నాలుగు నిమిషముల చిత్రమును మాకు చూపెను. గోడకు తెల్లని దుప్పటి కట్టి, ఎవరియొద్దనో ఎరువు తెచ్చిన యంత్రముతో, బంధువులందరిని కూర్చుండబెట్టి చూపెను. ఎత్తైన ఇసుక దిబ్బ. దానిపైకి గర్జించుచు ఎక్కు బండి. కొనకు వచ్చి గాలిలోనికి లేచి, ఒక క్షణము నిలిచినట్లుండి, దిగునప్పుడు ఎర్రని ఇసుకను విసనకర్రవలె చిమ్మును. చెవులు చిల్లులు పడునంతటి సంగీతము. ముగియగానే చప్పట్లు మ్రోగినవి. “ఏం మావయ్యా, మీరేమీ అనలేదే” అని వాడు నన్నడిగెను. నేను “బాగుందిరా” అని ఊరకుంటిని. ఆ రాత్రి నోట రాని మాటలే ఈ వ్యాసము.

బాగున్నమాట అసత్యము కాదు. బండి గాలిలోనికి లేచిన క్షణమును వారు పట్టిన తీరు నిజముగా మెచ్చదగినది. అయినను నాకు ఆ నాలుగు నిమిషములలో ఒక్కసారియు భయము కలుగలేదు. వానికి ప్రమాదము కలుగునేమో యను జంకు మామనగు నాకే కలుగలేదనగా చిత్రమున నేదియో లోపమున్నదన్నమాట. ఇసుక దిబ్బపై బండి తోలుట మిక్కిలి కష్టమైన పని. ఆ కష్టము తెరపై కనబడలేదు. ఏల?

ఇందుకు దిబ్బ స్వభావమును కొంత తెలిసికొనవలెను. దిబ్బకు గాలి తగులు ప్రక్క మెల్లగా లేచును, గాలి చాటు ప్రక్క నిలువుగా దిగును. పొడి ఇసుక సుమారు 34 డిగ్రీల వాలుకు మించి నిలువదు. మించినచో తానై జారును. రెండు ప్రక్కలు కలియుచోట శిఖరము కత్తి వాదరవలె నుండును. క్రిందినుండి వేగముగా వచ్చువాడు ఆ వాదరను చేరువరకు అవతల నేమున్నదో ఎరుగడు. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ ఇసుక దిబ్బలలో ప్రతి బండికిని నేలనుండి ఎనిమిదడుగుల ఎత్తు వచ్చునట్లు జెండాకర్ర కట్టవలెనను నియమము ఇందుచేతనే ఏర్పడినది. మనిషి కనబడక మునుపే అవతలివానికి జెండా కనబడవలెను. ఇక తోలుట సంగతి. గట్టి నేలపై అదుపు తప్పినచో వేగము తగ్గించుట మనకు అలవాటు. ఇసుకలో వేగము తగ్గించినవాడు కూరుకొనిపోవును. ముందు చక్రము తేలికగా నుండునట్లు దేహభారమును వెనుకకు వేసి, ఇంజను పట్టు సడలనీయక, భయము కలిగినచోటనే మరికొంత ముందుకు పోవలెను. రాల్ఫ్ బాగ్నాల్డ్ అను ఆంగ్ల సైనికోద్యోగి ఈజిప్టు, లిబియా ఎడారులలో ఫోర్డు కార్లతో తిరిగి, చక్రములలో గాలి తగ్గించినచో బండి ఇసుకపై తేలిపోవునని అనుభవముచే నేర్చెను. ఆ తిరుగుటలలో కలిగిన ఆసక్తియే పెరిగి 1941లో గాలికి ఎగురు ఇసుకను గూర్చియు, ఎడారి దిబ్బలను గూర్చియు శాస్త్రగ్రంథమైనది. నేటికిని ఆ విషయమున అది ప్రమాణ గ్రంథము. వినోదమునకు బండి తోలినవాడు ఇసుకను ఎంత శ్రద్ధగా చూడవచ్చునో తెలియుటకు ఈ ఒక్క దృష్టాంతము చాలును.

ఇట్టి నేలను కెమెరా సులభముగా చూపలేదు. దిబ్బపై చెట్టు లేదు, ఇల్లు లేదు, కొలతకు మనిషి లేడు. నూరడుగుల దిబ్బయు పదడుగుల దిబ్బయు తెరపై నొక్కటియే. మధ్యాహ్నమున నీడలు లేవు గనుక గుంటయు గట్టును సమానముగా కనబడును. ఉదయమునను, సాయంకాలమునను ఏటవాలుగా పడు వెలుగే దిబ్బకు ఆకారమునిచ్చును. దీనికి తోడు నేటి పిల్లలందరును శిరస్త్రాణముపై బిగించు చిన్న కెమెరా మిక్కిలి వెడల్పైన దృశ్యమును పట్టునది. అది దగ్గరి నేలను దూరముగా నెట్టి, నిలువైన వాలును చదునుచేసి చూపును. తోలువానికి గుండె ఝల్లుమనిన వాలు చూచువానికి పొలముగట్టువలె కనబడును. మా వాని చిత్రమున సగము ఇట్టి దృశ్యములే. తాను పడిన భయమును తన కెమెరాయే మ్రింగివేసినదని వానికి తెలియదు. ఆ లోటును నింపుటకే కాబోలు అంతటి సంగీతము పెట్టినాడు.

తలపై కెమెరా పెట్టుకొనుట క్రొత్త సంగతి కాదు. గోప్రో అను చిన్న కెమెరా 2004లో తొలుత ఫిల్ముతో పనిచేయునదిగా వచ్చి, పిదప విద్యుద్యంత్రమై లోకమంతట వ్యాపించినది. కాని 1971లోనే బ్రూస్ బ్రౌన్ అను అమెరికా దర్శకుడు ‘ఆన్ ఎనీ సండే’ అను మోటారు సైకిళ్ళ చిత్రమున బరువైన కెమెరాను శిరస్త్రాణమునకు కట్టించి తీసెను. ఆ చిత్రమును మన పిల్లలు తప్పక చూడవలెను. అందు స్టీవ్ మెక్వీన్ వంటి ప్రసిద్ధ నటుడున్నను దర్శకుడు నటుని వెంట పరుగెత్తలేదు. పందెములు, దెబ్బలు, విరిగిన యెముకలు అన్నియు చూపి, చివరకు మెక్వీన్‌ను, మెర్ట్ లావిల్, మాల్కం స్మిత్ అను మరి ఇద్దరిని సముద్రతీరపు ఇసుకకు తీసికొనిపోయి, పందెము లేక, గెలుపు లేక, ఊరక ఆడుకొననిచ్చెను. కెమెరా దూరముగా నిలిచి చూచును. బండి చిన్నది, ఇసుక పెద్దది. ఆ దూరమే ఆ దృశ్యమునకు అందము. ఇట్టి చిత్రము ఆస్కారు బహుమానపు తుది జాబితాలో చేరుట వింత కాదు.

మన తెలుగు చిత్రములు ఈ దూరమునకు ఓర్చుకొనలేవు. 2009 నాటి ‘మగధీర’లో కథానాయకుడు మోటారు సైకిలుపై సాహసములు చేయువాడే, అచ్చట బండి నాయకుని పరిచయమునకు సాధనము, నేలకు ప్రాధాన్యము లేదు. అది తప్పని నేననను. ఆ కథకు కావలసినది అదియే. కాని మా మేనల్లుని తరమువారు చిత్రము తీయుట నేర్చినది ఆ పరిచయ దృశ్యములనుండియే. అందుచేత వారి ప్రతి చిత్రమును ఎన్నటికిని రాని కథకొక ఉపోద్ఘాతముగా నుండును.

డాకార్ పందెమునకు వత్తము. ఇసుకపై చక్రమునకు అంతకు మించిన రంగస్థలము లేదు. 1977లో లిబియా ఎడారిలో దారితప్పి బ్రతికి బయటపడిన థియెరీ సబీన్ అను ఫ్రెంచివాడు దానిని కల్పించెను. 1978 డిసెంబరున పారిసులో తొలి పందెము బయలుదేరెను. 1986లో ఆ పందెము నడుచుచుండగనే ఆయన మాలీదేశమున హెలికాప్టరు కూలి మరణించెను. 2009 నుండి దక్షిణ అమెరికాలోను, 2020 నుండి సౌదీ అరేబియాలోను అది సాగుచున్నది. మనదేశమువాడైన సి. ఎస్. సంతోష్ 2015లో 36వ స్థానమున ముగించి, డాకార్ పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యెను. ఆయనయే 2021లో ఘోరముగా పడి కొన్నాళ్ళు స్మృతిలేక యుండెను. కేరళీయుడు హరిత్ నోవా 2024లో ర్యాలీ-2 తరగతిలో ప్రథముడుగా నిలిచెను. మన పిల్లలు ఇతని గెలుపు దృశ్యములను మరల మరల చూతురు. సంతోష్ పడిపోయిన వార్త వారిలో కొందరికి తెలియనే తెలియదు. చిత్రములు గెలుపును మాత్రమే దాచియుంచుటవలన కలుగు అనర్థమిది.

ఆ పందెమును హెలికాప్టరునుండి తీసిన దృశ్యములలో మాత్రము ఒక సత్యము కనబడును. పైనుండి చూచినచో బండ్లు చీమలు. వాని వెనుక దిబ్బ మీదుగా సాగిన చక్రపు జాడలు దుక్కిసాళ్ళవలె స్పష్టముగా నుండును. నేలపైనున్న కెమెరా ఎన్నడును చూపనిది ఈ జాడయే. చూపకపోవుటకు కారణమున్నది. దిబ్బ అందమంతయు ఎవరును తొక్కని ఇసుకలోనే కలదు. ఒకమారు బండి పోయినచోట రెండవమారు తీసినచో దృశ్యము చెడును. కాబట్టి చిత్రము తీయువాడు ప్రతి దృశ్యమునకును క్రొత్త ఇసుకను వెదకుకొని పోవును. నిజమైన ఎడారిలో ఇది పెద్ద దోషము కాదు. రాత్రి గాలి వీచును. తెల్లవారునప్పటికి చాలవరకు జాడ చెరిగిపోవును. దిబ్బయే సంవత్సర సంవత్సరము కదలిపోవునది. ఆ చిత్రములన్నియు చూచి మన పిల్లలు తెలియకయే నేర్చిన పాఠమేమనగా, ఇసుక అన్నిటిని మరచిపోవునని.

ఇచ్చటనే నాకు కష్టము తోచినది. మా వాని చిత్రములోని ఇసుక ఎర్రనిది. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ సముద్రపుటొడ్డున నున్న ఎర్రమట్టి దిబ్బలను ఒకమారు చూచినవాడు ఆ రంగును మరువడు. అవి సహారా దిబ్బల వంటివి కావు. సుమారు పదునెనిమిది, ఇరువదివేల ఏండ్ల క్రిందట సముద్రము మిక్కిలి వెనుకకు తగ్గియున్న కాలమున, బయటపడిన ఇసుకను గాలి ఒడ్డునకు తెచ్చి పోసినదనియు, పిదప అందలి ఖనిజములు శిథిలమై ఇనుపతుప్పు పట్టి ఎర్రబారినదనియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంతటి ఎర్ర దిబ్బలు మనదేశమున తమిళనాటి తేరి భూములలోను, పొరుగున సింహళమునందును మాత్రమే చెప్పుకొనదగినట్లున్నవి. 2014లో వానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించిరి. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలోనికి ఎక్కినవి. అవి కదలని దిబ్బలు. వాని పుట్టుకనాటి సముద్రమును లేదు, ఆ గాలియు లేదు. అచ్చట పడిన జాడను చెరుపువారు లేరు. వాన వచ్చును, జాడ వెంబడి నీరు దిగును, నీరు దిగినచోట గండి పడును. ఆ ప్రదేశమున చూచువారు మెచ్చుకొను లోయలన్నియు ఇట్లు నీరు కోసినవే. ప్రకృతి వేల ఏండ్లు నిదానముగా చేసిన పనికి మనము చక్రముతో దారి చూపినట్లగును.

మరియొక మాట. ఆ ఇసుక పుట్టినది తూర్పు కనుమల ఖొండలైటు శిలనుండి. ఈ శిలకా పేరు మన కొండలలోని కోంధుల పేరునుబట్టియే వచ్చినది. కాశీపూర్ చుట్టునున్న కొండలును ఆ శిలవే. బాఫ్లిమాలి వంటి కొండల నెత్తిన నేడు త్రవ్వుచున్న బాక్సైటు ఆ జాతి శిల మురిగి ఏర్పడినదే. ఇంటి వెనుక ఎర్రనేలపై ఆడుకొని పెరిగిన పిల్లవాడు సముద్రతీరమున తన నేలకు జ్ఞాతియైన ఇసుకను గుర్తింపక, దానిని అరేబియా ఎడారిగా భావించి చిత్రము తీసినాడు. విమర్శకునిగా నాకు ఇదియే ఆ చిత్రములోని ముఖ్య దోషము. ప్రదేశము తప్పు.

పండుగ వెళ్ళిన పిదప వానికి ఈ సంగతులు ఒక ఉత్తరమున వ్రాసితిని. “అక్కడ అందరూ తీసుకుంటున్నారు మావయ్యా, మేము చివర అంచునే నడిపాం” అని ఫోనులో సమాధానము చెప్పెను. నేను వాదింపలేదు. బండి లేకుండ, కాలినడకను, వానలు వెళ్ళిన తరువాత ఒకమారు అచ్చటికే పోయి, తన చక్రపు జాడను ఉదయపు వెలుగులో తీయుమని మాత్రము కోరితిని. ఆశ్వయుజమున తీసి పంపినాడు. నలువది క్షణములున్నది, సంగీతము లేదు. జాడ పడినచోట జానెడు లోతున ఒక కాలువ, దాని గోడలపై పసుపు, ఎరుపు పొరలు, అడుగున వాని నీడ. కెమెరా కదలక నిలిచి చూచుచున్నది. వాలు ఎంత నిలువుగా నున్నదో నాకు ఆ దృశ్యముననే మొదటిసారిగా తెలిసినది.

వాని తల్లికి మాత్రము మొదటి చిత్రమే నచ్చినది.