అష్టమి చంద్రుడు

పెట్టె మీద ‘525 రెట్లు’ అని పెద్ద అంకెల్లో ఉంది. నేను బోల్తా పడింది అక్కడే. యాభై దాటాక కొనుక్కున్న మొదటి టెలిస్కోపు. ముందు లెన్స్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, గొట్టం పొడవు గజానికి జానెడు తక్కువ. శుభమా అని పౌర్ణమి నాడే ముహూర్తం పెట్టుకున్నాను. విశాఖలో మా అపార్ట్‌మెంట్ మేడ మీదికి ఇంటిల్లిపాదినీ పిలిచి, పెట్టెలోని అతిచిన్న ఐపీస్‌కి రెట్లు పెంచే బార్లో లెన్స్ కూడా తగిలించి చూస్తే కనిపించింది ఉడుకుతున్న జావ. ఎవరి కాలో స్టాండుకి తగిలితే అదీ మాయం. పావుగంటలో అందరూ టిఫిన్లకి దిగిపోయారు.

లెక్క తర్వాత తెలిసింది. గొట్టం నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు. దాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 4 మిల్లీమీటర్ల ఐపీస్‌తో 175, మూడింతల బార్లోతో 525. పెట్టె మీద లెక్క తప్పు కాదు. కానీ 70 మిల్లీమీటర్ల లెన్స్ మోయగలిగేది ఇంచుమించు 140 రెట్లు. ఆ పైన పెంచడమంటే మజ్జిగలో నీళ్లు పోసుకుంటూ పోవడమే. ఇప్పుడు నేను ఎక్కువగా వాడేది 25 మిల్లీమీటర్ల ఐపీస్, అంటే 28 రెట్లు. 1609 చివర్లో చంద్రుడి బొమ్మలు గీసిన గెలీలియో చేతిలో ఉన్నది సుమారు 20 రెట్ల గొట్టం మరి.

రెండో తప్పు పౌర్ణమి. ఆ రాత్రి ఎండ మన వీపు వెనకనుంచి వచ్చినట్టు చంద్రుడి మీద సూటిగా పడుతుంది. నీడలుండవు. నీడ లేనిదే గొయ్యేదో గుట్టేదో తేలదు. చూడాల్సింది వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర. శుక్లపక్షంలో అక్కడ అప్పుడే తెల్లవారుతుంటుంది, చిన్న గట్టు కూడా బారెడు నీడ పరుస్తుంది.

ఆ గీత ఏ రోజు ఎక్కడుంటుందో వంటింటి గోడకున్న తిథుల క్యాలెండరే చెబుతుంది! తిథి అంటేనే సూర్యచంద్రుల మధ్య పెరిగే 12 డిగ్రీల ఎడం. ఆ గీతా తిథికి అంతే జరుగుతుంది. మా ఆవిడ ఏకాదశి కోసం చూసుకునే కాగితం నాకు చంద్రుడి అట్లాసైంది. షష్ఠికి థియోఫిలస్ బిలం, దశమికి 93 కిలోమీటర్ల కోపర్నికస్. అష్టమికి టాలెమేయస్, అల్ఫాన్సస్, అర్జాకెల్ వరసగా మూడు పళ్లేలు బోర్లించకుండా పెట్టినట్టుంటాయి. నన్నడిగితే నెలకి ఒక్కసారే చూడగలిగినవాళ్లు శుక్ల అష్టమికే చూడాలి. పొద్దుగూకేసరికి చంద్రుడు నడినెత్తిన ఉంటాడు, నిద్ర చెడదు.

ఇదంతా మా ఊరికి కొత్తేమీ కాదు. 1840లోనే గోడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో సొంతంగా వేధశాల పెట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడం ఇక్కణ్నుంచే చూశాడు. ఈ ఉప్పుగాలికి లెన్స్ మీద చెమ్మ పట్టినప్పుడల్లా వాళ్లేం చేసేవారోనని ఆలోచిస్తుంటాను. నేనైతే తుడవను, గీతలు పడతాయి. దానంతటదే ఆరేదాకా కూర్చుంటాను.

మేడెక్కిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, అపోలో వాళ్ల జెండా కనిపిస్తుందా అని. నా గొట్టంలో మూడు కిలోమీటర్ల కంటే చిన్నదేదీ విడిగా తేలదు. కాబట్టి జెండా లేదుగానీ చోటు చూపిస్తాను. మనవాళ్లు చెప్పే కుందేలులో తల భాగం ప్రశాంతి సాగరం. 1969 జులైలో దిగింది అక్కడే.

జెండా అడగనిది ఒక్క వాచ్‌మన్ వాళ్లమ్మే. ఒక అష్టమి సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికొచ్చి, కన్ను ఆనించి చాలాసేపు మాట్లాడలేదు.

“ఏటి బాబూ, సందమామకి అమ్మోరు పోసినాదేటి?”

గెలీలియో కంటికి అవే బిలాలు నెమలి పింఛంలో కళ్లలా కనిపించాయట. మశూచి చూసిన తరం మనిషి మాటే నాకు నిజానికి దగ్గరగా అనిపించింది. అంతలో “ఎల్లిపోతంది బాబూ!” అని కంగారు పడింది. 70 రెట్ల దగ్గర భూమి తిరగడం కంటికి తెలుస్తుంది. రెండు మూడు నిమిషాల్లో బిలం ఈ అంచునుంచి ఆ అంచుకి జారిపోతుంది. గొట్టాన్ని వేలితో ఎంత మెల్లగా నెట్టాలో తెలియడానికి నాకు వారం పట్టింది. ఆవిడకి రెండోసారికే పట్టుబడింది.

మర్నాడు నవమి. నేను వెళ్లేసరికే మేడ మెట్ల మీద కూర్చుని ఉంది. రూపెస్ రెక్టా చూపించాను. 110 కిలోమీటర్ల పొడవున కత్తితో గీసినట్టు నల్లటి గీత. నేల పగిలి ఒక పక్క కుంగడంతో ఏర్పడింది. నిట్టనిలువు గోడలా అనిపిస్తుందిగానీ ఏటవాలే, పొద్దుటి నీడ అలా చూపిస్తుంది.

“ఇది మచ్చ కాదు బాబూ, గాటు. ఎవులు పెట్టినారు?”

నేను జవాబు కూడదీసుకునేలోగా ఆవిడ గొట్టాన్ని వేలితో మెల్లగా నెట్టి, మళ్లీ చూడ్డంలో పడిపోయింది.