బడి అడిగిన ప్రశ్న: వ్యావహారికోద్యమంలో అధ్యాపక సహకారం

వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య చరిత్రకారులు ప్రధానంగా శైలీ వివాదంగా వివరించారు. ఆ వివరణలో దానికి మూలమైన బోధన సమస్య మరుగున పడింది. పుస్తకాల తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత దూరమెందుకన్న సందేహం పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్‌కు కలిగింది. పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి, విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, రచయిత గురజాడ అప్పారావు ఆ సందేహాన్ని తమదిగా స్వీకరించారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిన అనుభవం గిడుగుకు అప్పటికే ఉంది. 1913 నాటి ఆయన విజ్ఞాపన పత్రాన్ని భాషాశాస్త్ర వాదంగానే కాక, బోధనానుభవ ఫలితంగానూ చదవవలసి ఉంది. తనిఖీ అధికారి, బడి, కళాశాల, రచయిత కలవకుంటే ఆ వాదానికి అంత బలం చేకూరేది కాదు.

ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు విశ్వవిద్యాలయాలకూ, పాఠశాలలకూ, పరస్పరం కూడా దూరంగా ఉన్నాయని కొఠారి కమిషన్ (1964–66) గుర్తించింది. ఈ విమర్శ తెలుగు శాఖలకూ వర్తిస్తుంది. పాఠ్యపుస్తక భాషను పరిశీలించే మన సిద్ధాంత వ్యాసాలు ముద్రిత పాఠం వద్దనే ఆగుతున్నాయి. దాన్ని రోజూ బోధించే ఉపాధ్యాయుడు వాటిలో అరుదుగా కనిపిస్తాడు. ఉపాధ్యాయుణ్ణి సహపరిశోధకుడిగా స్వీకరించినప్పుడే గిడుగు వారసత్వం మనదని చెప్పుకొనే అర్హత కలుగుతుంది.