వింత వేటపక్షిని కల్పించే విద్య

రోల్ ప్లేయింగ్ ఆటల్లో వేటాడే వింత జీవులను కల్పించడం అర్ధశతాబ్దంగా ఎదిగిన ఒక ప్రత్యేక విద్య. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ ఆటలు మొదలయ్యాయి. బల్ల చుట్టూ చేరినవారిలో ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి, తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం ఎటు తిరుగుతుందో తెలియనిచోట పాచిక వేస్తారు. ఎదురయ్యే జంతువు ఇక్కడ చాలావరకు మాటల్లోనే కనబడాలి, మాటల్లోనే భయపెట్టాలి.

తొలినాళ్లలో ఈ పని కాకతాళీయంగా సాగింది. గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్లు గల ఔల్‌బేర్ ఇప్పటికీ ఆటగాళ్లకు ఇష్టమైన జీవి. హాంకాంగ్‌లో తయారైన చవక ప్లాస్టిక్ బొమ్మల సంచిలోని ఓ వింత ఆకారాన్ని చూసి గైగాక్స్ దాన్ని సృష్టించాడు. 1975లో అది అచ్చులోకి వచ్చింది. పిచ్చి మాంత్రికుడెవరో చేసిన ప్రయోగం వల్ల పుట్టి ఉంటుందని తర్వాత ఒక కారణం చేర్చారు. ముందు ఆకారం వచ్చింది, కారణం వెనక వచ్చింది.

అదే ఆటకు 1977లో వచ్చిన జీవుల పుస్తకం ‘మాన్‌స్టర్ మాన్యువల్’లోని యాక్స్ బీక్ దారి వేరు. ఎగరలేని ఈ మాంసాహారి పక్షి రెండు కాళ్ల గోళ్లతో చీరుతుంది, గొడ్డలిలాంటి ముక్కుతో పొడుస్తుంది. ఇలాంటి పక్షులు భూమ్మీద నిజంగానే తిరిగాయి. దక్షిణ అమెరికాలో లక్షల ఏళ్ల కిందట అంతరించిన ఫోరుస్రాసిడ్ పక్షులను శాస్త్రజ్ఞులు ‘టెర్రర్ బర్డ్స్’ అంటారు. పటగోనియాలో దొరికిన కెలెన్‌కెన్ అనే జాతి పుర్రె పొడవే దాదాపు 71 సెంటీమీటర్లు. నిజమైన ఎముకల మీద నిలబడిన కల్పనకు ఉండే బలం వేరు.

ఈ విద్యలో పెద్ద మలుపు 1983లో వచ్చింది. ఆ ఏడాది ఈ ఆటలకు చెందిన ‘డ్రాగన్’ పత్రిక ఒక్కో జీవి జీవావరణాన్ని వివరించే వ్యాసాలను ప్రారంభించింది. ఏం తింటుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, దేనికి భయపడుతుంది అన్నవి దాని బలాన్ని చెప్పే అంకెలంత ముఖ్యమయ్యాయి. అంతరిక్ష నౌకలూ మంత్రాలూ కలిసి కనిపించే సైన్స్ ఫాంటసీలో ఈ పద్ధతి మరీ అవసరం. 1978 నాటి ‘గామా వరల్డ్’ నుంచి 2017 నాటి ‘స్టార్‌ఫైండర్’ వరకు ఈ కోవకు చెందిన ఆటలే. అక్కడ ఏదైనా జరగవచ్చు కాబట్టి, ఏ ఒక్కటీ నమ్మశక్యంగా లేకుండా పోయే ప్రమాదం ఉంది.

అందువల్ల గ్రహాంతర పక్షిని అది బతికే లోకం నుంచి మొదలుపెట్టడం మేలు. శని గ్రహపు ఉపగ్రహం టైటాన్‌నే తీసుకోవచ్చు. అక్కడి గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదానిలో ఏడో వంతు. నేల దగ్గర గాలి మన గాలికన్నా సుమారు నాలుగు రెట్లు చిక్కన. అటువంటి లోకంలో ఏనుగంత పక్షి కూడా రెక్క ఆడించకుండా చాలాసేపు తేలగలదని ఊహిస్తే ఎవరూ కాదనరు. ఆకాశమంతా దట్టమైన పొగమంచు. కాబట్టి ఆ పక్షికి చూపుతో పెద్దగా పనిలేదు, అది చెవులతో వేటాడాలి. కొన్ని జాతుల గుడ్లగూబలకు చెవి రంధ్రాలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. శబ్దం పై నుంచి వచ్చిందో కింది నుంచి వచ్చిందో అవి పసిగట్టేది అలాగే. ఈ ఒక్క లక్షణం అరువు తెచ్చుకుంటే ఆ పక్షి తల ఆకారం, వేట తీరు, బలహీనత మూడూ ఒకేసారి తేలిపోతాయి.

వేట తీరే ఈ కల్పనకు గుండెకాయ. ఆఫ్రికాలోని సెక్రటరీ బర్డ్ తన బరువుకు ఐదు రెట్ల బలంతో పామును తన్ని చంపుతుంది. ష్రైక్ అనే చిన్న పిట్ట పట్టిన ఎరను ముళ్లకు గుచ్చి దాచుకుంటుంది. పరిమాణం చెప్పడానికీ కొలతలు అక్కర్లేదు. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల నాణేల మీద రెండు తలల పక్షి గండభేరుండం ఏనుగులను ముక్కులతో, గోళ్లతో పట్టుకుని కనిపిస్తుంది. ఆ పక్షి ఎంతటిదో చూడగానే తెలిసిపోతుంది.

పక్షి కంటపడేలోపే దాని జాడలు అందాలి. ముళ్లకొమ్మకు వేలాడే అంతరిక్ష యాత్రికుడి చేతితొడుగు, ఉన్నట్టుండి సద్దుమణిగిన పురుగుల రొద వంటివి ఆటగాళ్లకు ఆధారాలవుతాయి. చప్పుడు చేయకుండా నడిస్తే తప్పించుకోవచ్చని, దూరంగా రాయి విసిరితే పక్షి అటు మళ్లుతుందని వాళ్లే కనిపెట్టాలి. అంకెలు చివర రావాలి. ఎన్ని దెబ్బలకు చస్తుందో తేల్చే హిట్ పాయింట్లు, దాన్ని తాకడం ఎంత కష్టమో చెప్పే ఆర్మర్ క్లాస్, చెవులకు చిక్కకుండా జారుకోవడానికి పాచిక మీద పడాల్సిన అంకె అన్నీ అప్పటికే తేల్చుకున్న స్వభావం నుంచి పుట్టాలి. అంకెలతో మొదలైన పక్షి ఎన్ని ఈకలు తొడిగినా కొట్టి చంపాల్సిన గుర్తుగానే మిగులుతుంది. అర్థం చేసుకుని తప్పించుకోగలిగిన పక్షినే ఆటగాళ్లు ఏళ్ల తర్వాత కూడా తలచుకుంటారు.

మొదటిసారి ఇలాంటి పక్షిని కల్పించబోయేవారు ఆట నియమాల పుస్తకం తెరిచే ముందు, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1941లో ప్రచురించిన ‘ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ను ఒకసారి తిరగేయాలి.