పాట వెంట పేరు

ప్లేయర్‌లో పాటలు కలగాపులగంగా కనిపిస్తే చాలామంది ప్లేయర్‌నే మార్చేస్తారు. నేను చూసినంతలో చిక్కు ఎక్కువగా పాట ఫైలులోనే ఉంటుంది. పాట పేరు, పాడినవారు, సినిమా, సంవత్సరం అన్నీ ఆ ఫైలులోనే చిన్న చిన్న గడుల్లో రాసి ఉంటాయి. వాటినే ట్యాగులంటారు. రాజమండ్రిలో కొన్ని సెల్ షాపుల్లో చిప్పు నిండా పాటలు ఎక్కించి ఇస్తారు. ఇంటికొచ్చి చూస్తే, పాడినవారి పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైటు పేరుంటుంది. పాట మోగుతుంది, మనిషి మాయమవుతాడు.

మా వీధిలో పిన్నిగారికి 1951 నాటి మల్లీశ్వరి పాటలంటే ప్రాణం. “సినిమా ఒక్కటే కదా అబ్బాయ్, ఇందులో మూడు ముక్కలైపోయిందేంటి?” అని ప్లేయర్ నా చేతికిచ్చారు. భానుమతి పాడినవి ఒకచోట, ఘంటసాల పాడినవి ఇంకోచోట, ఇద్దరూ కలిసి పాడినవి మరోచోట చేరాయి. చాలా ప్లేయర్లు ఆల్బమ్‌ని, అంటే ఇక్కడ సినిమాని, పాడినవారి పేరుతో కలిపి లెక్కేస్తాయి. పాడేవారు మారితే ఆల్బమూ చీలిపోతుంది. దీనికోసమే ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అని వేరే గడి ఉంది. అన్ని పాటలకీ అందులో సాలూరి రాజేశ్వరరావు అని ఒకేలా రాస్తే ముక్కలన్నీ ఒక్కటవుతాయి.

దీనికి తిరగేసిన చిక్కు దేవదాసుతో వస్తుంది. 1953లో సి.ఆర్. సుబ్బరామన్, 1974లో రమేష్ నాయుడు, 2006లో చక్రి ఆ పేరుగల సినిమాలకు సంగీతం చేశారు. ఆల్బమ్ పేరు ఉత్త ‘దేవదాసు’ అని వదిలేస్తే, ఆ పేరొక్కటే చూసే ప్లేయర్లలో మూడు తరాల పాటలూ ఒకే కుప్పలో పడతాయి. పేరు పక్కనే సంవత్సరం రాయడం నాకందుకే అలవాటైంది.

కంటికి కనపడని చిక్కులు ఇంకొన్ని ఉన్నాయి. జాబితాలో ‘ఎస్. జానకి’ రెండుసార్లు వస్తుంది. ఎంత తేరిపార చూసినా రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాంట్లో ‘ఎస్’ తర్వాత, పొల్లు పక్క అక్షరంతో కలవకుండా ఆపే అదృశ్య గుర్తు ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. లేదా పేరు చివర ఒక ఖాళీ మిగిలిపోయి ఉంటుంది. కంప్యూటరుకి వాళ్లు ఇద్దరు జానకులు. రెండు చోట్లా పేరు చెరిపేసి, ఒక్కసారి కొత్తగా టైపు చేసి అన్నిటికీ అదే అతికించాలి.

తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలు రావడానికి కారణం కొంత పాతది. 1996లో ఇంగ్లిషు లాంటి లిపుల లెక్కతో వచ్చిన తొలి ట్యాగు ఫైలు చివర 128 బైట్లు. పాట పేరుకి 30, కళాకారుడికి 30, ఆల్బమ్‌కి 30. పాట రాసిన కవికి అసలు గడే లేదు. పోనీ కళాకారుడి గడిలోనే రాద్దామన్నా, యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ మూడేసి బైట్లు పడతాయి. మల్లీశ్వరి పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి పేరు మొదలుపెడితే, ‘దేవులపల్లి’ అనేసరికే సరిగ్గా ముప్పై నిండిపోతాయి. కృష్ణశాస్త్రికి చోటుండదు. తర్వాతి తరం ట్యాగుల్లో ఈ ఇరుకు పోయింది, గీతరచయితకీ స్వరకర్తకీ విడి గడులొచ్చాయి. అయితే పాత ప్లేయర్లు కొన్ని వాటిలో 2.3 రకాన్ని చదివి 2.4ని వదిలేస్తాయి. అందుకని 2.3లో, యుటిఎఫ్-16లో రాసి, చివరనున్న పాత ట్యాగుని తీసేయడం మేలు. అప్పటికీ అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఆ ప్లేయర్‌లో తెలుగు ఫాంటు లేనట్టే. అలాంటి దానికి ఇంగ్లిషు అక్షరాల్లో ట్యాగులు రాసిన నకలు వేరే పెట్టుకుని, అసలు ఫైళ్లు తెలుగులోనే ఉంచుకోవాలి.

అన్నీ దిద్ది సింక్ చేశాక కూడా ప్లేయర్ పాత పేర్లే చూపిస్తే కంగారు పడక్కర్లేదు. ట్యాగు కోసం ఫైలులో ముందే కొంత ఖాళీ వదిలి ఉంటుంది. మన దిద్దుబాటు అందులోనే ఇమిడిపోతే ఫైలు సైజు మారదు. పాత తేదీని అలాగే ఉంచేలా సెట్టింగు ఉంటే తేదీ కూడా మారదు. సింక్ ప్రోగ్రాము ఆ రెండే చూసి, ‘ఇది పాతదే’ అనుకుని వదిలేస్తుంది. ప్లేయర్‌లోంచి ఆ ఆల్బమ్ తీసేసి మళ్లీ ఎక్కించి, ప్లేయర్ తన జాబితాని కొత్తగా తయారుచేసుకునేలా చేస్తే సరిపోతుంది.

ఇంత శ్రమ దేనికంటే, గోదావరి సీమ వాళ్లుగా మన కళాకారులకి మనం ఒక బాకీ ఉన్నాం. కృష్ణశాస్త్రి పిఠాపురం దగ్గరి చంద్రంపాలెంలో పుట్టారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణది కోనసీమలోని శంకరగుప్తం. వీణలో ఈమని శంకరశాస్త్రిది ద్రాక్షారామం, ఆయన శిష్యుడు చిట్టిబాబుది కాకినాడ. నాకు దొరికిన వీణ ఫైళ్లలో కళాకారుడి గడిలో త్యాగరాజు పేరుంది, వాయించినవారి పేరు ఎక్కడా లేదు. మల్లీశ్వరి పాటలన్నీ కృష్ణశాస్త్రి రాసినవే అయినా గీతరచయిత గడి ఖాళీ.

చిప్పు నుంచి ఫోనుకి, ఫోను నుంచి పెన్ డ్రైవ్‌కి ఫైలు ఎక్కడికి వెళ్తే ట్యాగూ అక్కడికే వెళ్తుంది. తప్పు అలాగే పాకుతుంది, దిద్దుబాటూ అలాగే పాకుతుంది. మీకు బాగా ఇష్టమైన సినిమా ఒకటి తీసుకుని, ఈ వారం దాని పాటలన్నిటికీ గీతరచయిత గడి నింపండి. తర్వాత ఎవరు అడిగినా ఆ ఫైళ్లే ఇవ్వండి.