సవర వాచకములును ఎఱుకల బాలురును

గిడుగు వేంకట రామమూర్తిగారి పేరు విన్నంతనే పండితలోకమునకు గ్రాంథిక వ్యావహారిక వివాదము స్ఫురించును. ఆ వివాదమున నే పక్షము వహించినవారైనను ఆయన తొలికృషిని మఱచుట తఱచు. 1880లోఁ బర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడుగాఁ జేరిన యాయన సవరల మాట నేర్చికొని, ఆ భాషలో వాచకములు రచించెను. 1911లో మద్రాసు ప్రభుత్వము పారితోషిక మీయఁబోఁగా, ఆ ద్రవ్యముతో సవరలకు వారి భాషలోనే చదువు చెప్పు బడి పెట్టుఁడని కోరెను. 1931లో నాయన సవర వ్యాకరణము వెలువడినది. వాచకములు ముందు, వ్యాకరణము వెనుక; ఈ క్రమమే విమర్శకులు గుర్తింపవలసిన గుణము.

సవర ముండా కుటుంబపు భాష, ద్రావిడము కాదు. కంఠమున శ్వాసను క్షణకాలము బంధించి పలుకు ధ్వని యందుఁ గలదు. తెలుఁగు లిపిలో దానికిఁ బ్రత్యేకాక్షరము లేదు. ఇది యెఱుఁగని యుపాధ్యాయుఁడు బాలుని యుచ్చారణమే దోషమనును. రామమూర్తిగారు లక్ష్యమును ముందు విని, పిదప లక్షణము చెప్పిరి. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునుగాని, శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడను భావమును మహాభాష్యకారుఁడు ఏనాఁడో ప్రకటించెను. శబ్దము బాలుని నోట ముందే సిద్ధమై యున్నది. అధ్యాపకుఁడు దానిని వినవలెను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004 నుండి సవర, కోయ, గోండి, కొలామి మొదలగు ఎనిమిది భాషలలో వాచకములు ప్రవేశపెట్టుట యీ మార్గమునకుఁ గొనసాగింపే. వానియందు లోపము వేఱొకటి: అవి ప్రధానముగా నేజెన్సీ ప్రాంతముల నుద్దేశించినవి. మైదానపు ఎఱుకలవాఁడు ఆ పట్టికలో లేఁడు.

కాకుమాను, బాపట్ల, రేపల్లె ప్రాంతములను జూడుఁడు. ఎఱుకల భాష దక్షిణ ద్రావిడ శాఖలోనిది, తమిళమునకుఁ జేరువైనది. బుట్ట లల్లు నింటి బిడ్డ అంగడిలోఁ దెలుఁగు పలుకును. అంతమాత్రమున వానికి వేఱు మాతృభాష లేదని బడి తలంచును. యానాది బాలుని యిల్లు తెలుఁగే. వాని పలుకుబడి మాత్రము తప్పుల పట్టికకెక్కును. మన యక్షగానములలో నెఱుకత చిరపరిచితురాలు. కవు లామె నోటఁ దెలుఁగున సోదె చెప్పించిరి. ఆమె యింటిమాట సాహిత్యమున కందలేదు. బాపట్ల చెంత స్టూవర్టుపురమున నెఱుకలను నిలిపిన నేరజాతుల చట్టము 1952లో రద్దయినది. జాతిపై మోపిన నింద శాసనమునఁ దొలఁగినను, ఆ జాతి మాటను శంకించు చూపు బడియందుఁ దొలఁగవలసి యున్నది.

ఎఱుకలవారు చెదరియున్నారు, ప్రతి బడిలోను నిద్దఱు ముగ్గురే యుందురు, వారికి వేఱు వాచక మెట్లని యాక్షేపము. ఆక్షేపము తేలికైనది కాదు. వాచకము సాధ్యము కాని చోట నుపాధ్యాయుఁడే వాచకము కావలెను. బుట్టకు, తట్టకు, వెదురుబద్దకు ఇంట నేమందురో బాలునడిగి, ఆ మాట నల్లబల్లపై తెలుఁగు మాట ప్రక్కన వ్రాయుటకు ప్రత్యేక ధనమక్కఱలేదు. ప్రాథమిక దశయందు మాతృభాషలో బోధించు సౌకర్యము కల్పింప యత్నింపవలెనని 1956లోఁ జేరిన రాజ్యాంగపు 350-ఏ అధికరణము చెప్పుచున్నది. అధికరణమున కర్థము చెప్పవలసినది తరగతిగది.

రామమూర్తిగారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుఁగు భాషా దినోత్సవముగా జరుపుట యుచితము. అయితే, తెలుఁగు కాని మాటతో బడి కెక్కిన బిడ్డను ఆనాఁడు స్మరింపనిచో, ఆయన కృషిలో సగము మాత్రమే గౌరవింపఁబడినట్లగును.